పిల్లల చేతిలో స్మార్ట్‌ఫోను: రక్షణ బాధ్యత ఎవరిది?

పలక, పుస్తకం, రేడియో, టెలివిజన్ ఒక్కొక్క తరంలో జ్ఞానసాధనాలుగా పిల్లల చెంతకు చేరినవే. వీటన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. పిల్లలకు ఏది అందుతున్నదో పెద్దలకు కనబడుతూ ఉండేది. పాఠ్యపుస్తకాన్ని నిపుణులు కూర్చేవారు, ఉపాధ్యాయుడు బోధించేవాడు. ఏ పుస్తకం ఎవరికి ఇవ్వవచ్చునో గ్రంథపాలకునికి తెలుసు. టెలివిజన్ ఇంటి నడిమి గదిలో నలుగురి ఎదుట ఉండేది. స్మార్ట్‌ఫోను రాకతో ఈ స్థితి మారిపోయింది. అరచేతిలో ఇమిడే ఆ చిన్న తెర మీద ఏమి కదులుతున్నదో పక్కనే కూర్చున్న తల్లికి సైతం తెలియదు. బీజగణిత పాఠమూ, బాలల మనసు భరించలేని దృశ్యమూ అదే తెర మీద ప్రత్యక్షమవుతాయి.

అందువల్ల ఫోనును పిల్లల నుంచి పూర్తిగా దూరం చేయాలని కొందరు, అది నేటి అవసరం కనుక వారి ఇష్టానికే వదిలివేయాలని మరికొందరు వాదిస్తున్నారు. ఈ రెండు మార్గాలూ ఆచరణలో నిలవవు. అనుచితమైన వెబ్‌సైట్ల నుంచి పిల్లలను కాపాడే సాంకేతిక సాధనాలు ఏమిటి, అవి ఎంతవరకు పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆగిపోయిన చోట కుటుంబం చేయవలసినది ఏమిటి అన్నవే పరిశీలించవలసిన విషయాలు.

ఫోను ఇంటికి వచ్చిన తీరు

మన దేశంలో ఈ మార్పు అతి వేగంగా జరిగింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత టెలిఫోను సంస్థల మధ్య పోటీ పెరిగి, ఇంటర్నెట్ డేటా ధర బాగా పడిపోయింది. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు పాఠాలు ఫోను ద్వారా చెప్పక తప్పలేదు. అంతవరకు ఫోను ముట్టుకోవద్దని మందలించిన తల్లిదండ్రులే దానిని పిల్లల చేతికి ఇవ్వవలసి వచ్చింది. పాఠశాలలు తిరిగి తెరుచుకున్నాయి. ఫోను మాత్రం పిల్లల చేతిలోనే నిలిచిపోయింది.

గ్రామీణ భారతంలో విద్యాస్థితిని పరిశీలించే 'అసర్' 2024 నివేదిక ఈ విషయంలో ఆలోచింపజేసే అంకెలను అందించింది. 14 నుంచి 16 ఏళ్ల పిల్లలలో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం తెలుసు. సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పని కోసం దానిని వాడినవారు 57 శాతం కాగా, సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. ఈ మాధ్యమాలు వాడే పిల్లలలో ఇబ్బంది పెట్టే వ్యక్తిని అడ్డుకోవడం లేదా అతనిపై ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం. తమ వివరాలు అపరిచితులకు కనబడకుండా చేసుకోవడం తెలిసినవారు 55.2 శాతం మాత్రమే. ఫోను వాడకం నేర్చినంత వేగంగా మన పిల్లలు ఆత్మరక్షణ నేర్వలేదని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను

అదే నివేదికలోని మరొక అంశం ఈ చర్చకు కీలకమైనది. ఫోను వాడటం తెలిసిన ఈ వయసు పిల్లలలో సొంత ఫోను ఉన్నవారు 31.4 శాతమే. మిగిలినవారు తండ్రిదో, తల్లిదో, అన్నదో వాడుతున్నారన్నమాట. పగలు తండ్రితో పొలానికో, పనికో వెళ్లిన ఫోను సాయంత్రం కూతురి హోంవర్కుకు, రాత్రి కొడుకు ఆటకు, ఆ తరువాత తల్లి చూసే సీరియలుకు ఉపయోగపడుతున్నది.

సాంకేతిక రక్షణ ఏర్పాట్లలో అధిక భాగం దీనికి భిన్నమైన ఊహ మీద నిర్మితమైనవి. ప్రతి మనిషికీ ఒక ఫోను, ప్రతి ఫోనులో ఆ మనిషి పేరిట ఒక ఖాతా అన్నది వాటి భావన. గూగుల్ సంస్థ 2021 నుంచి పద్దెనిమిదేళ్లలోపు వారి ఖాతాలలో అశ్లీల ఫలితాలను వడగట్టే 'సేఫ్ సెర్చ్' ఏర్పాటును దానంతట అదే అమలయ్యేలా చేసింది. అయితే ఫోనులో ఉన్నది నలభై ఏళ్ల తండ్రి ఖాతా అయినప్పుడు, దానిని పట్టుకున్న తొమ్మిదేళ్ల పాప కూడా యంత్రం దృష్టిలో నలభై ఏళ్ల పురుషుడే. ఆ వడపోత ఆమెకు వర్తించదు.

ఇంతకంటె సున్నితమైన విషయం మరొకటి ఉన్నది. వీడియోలు చూపే యాప్‌లు గతంలో ఏమి చూశారో గమనించి, అటువంటి వాటినే మళ్లీ ముందుకు తెస్తాయి. రాత్రి పెద్దలు చూసిన దాని ఛాయలు మరునాటి ఉదయం పిల్లల ముందు సూచనల రూపంలో ప్రత్యక్షమవుతాయి. అందుచేత ఇంటిలో ఒకే ఫోను ఉన్నప్పుడు పిల్లల రక్షణ పెద్దల అలవాట్లతోనే మొదలవుతుంది.

అనుచిత విషయం పిల్లలను చేరే దారులు

అనుచితమైనది అనగానే అశ్లీల దృశ్యాలే స్ఫురిస్తాయి. కాని పిల్లలకు హాని చేసేవి అవి మాత్రమే కావు. క్రూర హింసను చూపేవి, ఆత్మహింసను ప్రోత్సహించేవి, సన్నబడటానికి తిండి మానుకోమని ప్రేరేపించేవి, జూదానికి ఆకర్షించేవి, మత కుల విద్వేషాన్ని రెచ్చగొట్టేవి కూడా ఈ కోవకు చెందినవే. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. అయినప్పటికీ విదేశాల నుంచి నడిచే సైట్లను పూర్తిగా అరికట్టడం సులభసాధ్యం కాదు.

పిల్లలు వీటిని ప్రతిసారీ కోరి వెతుక్కుంటారని అనుకోవడం పొరపాటు. ఉచితంగా సినిమా చూడాలని, పాఠ్యపుస్తకం దింపుకోవాలని ఒక సైటు తెరిచిన పిల్లవాడికి దాని అంచుల్లో అసభ్య ప్రకటనలు ఎదురవుతాయి. మూసివేద్దామని నొక్కిన గుర్తే మరొక సైటును తెరుస్తుంది. ఒక అక్షరం తప్పు కొట్టినా వేరొక చోటికి చేరవచ్చు. తరగతి స్నేహితుల వాట్సాప్ బృందంలో ఎవరో పంపిన వీడియో అడగకుండానే ఫోనులోకి దిగుతుంది. ఆటలోని సంభాషణ సౌకర్యం ద్వారా అపరిచితుడు పరిచయం పెంచుకొని ఒక లింకు పంపుతాడు. వీటిలో కొన్ని దారులను యంత్రం మూయగలదు; కొన్నింటిని మూయలేదు. ఈ భేదాన్ని గ్రహించడం అవసరం.

అడ్డుకట్టలు ఎలా పనిచేస్తాయి?

పిల్లవాడికీ అనుచిత వెబ్‌సైటుకూ మధ్య అనేక అంచెలలో అడ్డుకట్టలు వేయవచ్చు. వాటిలో మొదటిది ప్రభుత్వ స్థాయిలోనిది. 2015 జూలై చివరలో కేంద్ర ప్రభుత్వం 857 వెబ్‌సైట్లను నిలిపివేయవలసిందిగా ఇంటర్నెట్ సంస్థలను ఆదేశించింది. వయోజనుల స్వేచ్ఛకు సంబంధించిన అభ్యంతరాలు రావడంతో, బాలల అశ్లీలత లేని సైట్లను తెరిచి ఉంచవచ్చునని కొద్ది రోజులలోనే ఆ ఆదేశాన్ని సడలించింది. 2018 సెప్టెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ననుసరించి 827 సైట్లను నిలిపివేయడం జరిగింది. ఇటువంటి జాబితాలకు ఒక సహజ పరిమితి ఉన్నది. ఒక పేరును మూసిన కొద్ది కాలానికే అదే సరుకు స్వల్ప మార్పుతో మరొక పేరు కింద వెలుస్తుంది.

రెండవ అంచె ఇంటర్నెట్ మార్గంలోనిది. ప్రతి వెబ్‌సైటుకూ వాస్తవంలో ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉంటుంది. మనుషులు పేరు టైపు చేస్తారు. ఫోను ఆ పేరుకు తగిన సంఖ్య ఏదో చెప్పమని ఒక కేంద్రాన్ని అడుగుతుంది. టెలిఫోను డైరెక్టరీ వంటి ఈ వ్యవస్థను డీఎన్‌ఎస్ అంటారు. కొన్ని సంస్థలు నడిపే డైరెక్టరీలు అశ్లీల సైట్ల పేరు అడిగినప్పుడు సంఖ్య చెప్పవు. సంఖ్య తెలియని ఫోను అక్కడికి చేరలేదు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం ఇటువంటి ఉచిత సేవను ప్రారంభించింది. 2018 నుంచి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగులలో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' అనే అంశం ఉన్నది. అటువంటి సేవ పేరును అక్కడ ఒకసారి నమోదు చేస్తే ఆ ఫోనును ఎవరు పట్టుకున్నా వడపోత వర్తిస్తుంది. ఖాతాతో దీనికి నిమిత్తం లేదు. అందుచేత ఉమ్మడి ఫోనుకు ఇది ప్రత్యేకంగా అనువైనది.

అయితే ఈ పద్ధతి సైటు పేరును మాత్రమే చూస్తుంది. లోపల ఏమున్నదో చూడదు. నేటి వెబ్‌సైట్లలో అధిక భాగం సమాచారాన్ని గూఢలిపిలో పంపుతాయి కనుక మధ్యలో ఉన్న సంస్థ దానిని చదవలేదు. పాఠమూ, అసభ్య వీడియో రెండూ ఒకే పెద్ద సైటులో ఉన్నప్పుడు డైరెక్టరీ వాటిని వేరు చేయలేదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియోకు ఇది అసలే వర్తించదు. పైగా వీపీఎన్ అనే యాప్‌లు ఫోను నుంచి వేరొక చోటికి రహస్య మార్గాన్ని ఏర్పరచి ఈ కాపలాను తప్పించుకుంటాయి. వాటిని పెట్టుకోవడం పదవ తరగతి విద్యార్థికి కష్టమైన పని కాదు.

మూడవ అంచె ఫోనులోనే ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ వారి 'ఫ్యామిలీ లింక్', ఆపిల్ ఫోన్లకు 2018లో వచ్చిన 'స్క్రీన్ టైమ్' అనే ఏర్పాట్లు ఉన్నాయి. వీటి ద్వారా ఏ యాప్ పెట్టుకోవచ్చునో, రోజుకు ఎంతసేపు వాడవచ్చునో, ఏ సైట్లు తెరవవచ్చునో తల్లిదండ్రులు నిర్ణయించవచ్చు. తాము ఆమోదించిన సైట్లు తప్ప మరేవీ తెరుచుకోకుండా చేయవచ్చు. చిన్న పిల్లలకు ఇది అత్యంత సురక్షితమైన పద్ధతి.

నాల్గవది సేవలు అందించే సంస్థల బాధ్యత. 2021 ఫిబ్రవరిలో వెలువడిన సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో చలనచిత్రాలు, ధారావాహికలు ప్రదర్శించే సంస్థలు వాటిని 7, 13, 16 ఏళ్లు, వయోజనులు అనే వయోభేదాలతో వర్గీకరించాలి. పదమూడేళ్లు, ఆపై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం ఉండాలి. ఆ తాళం వేయవలసినవారు తల్లిదండ్రులే. అటువంటిది ఒకటి ఉన్నదని తెలియని ఇళ్లలో అది తెరిచే ఉంటుంది.

బహుభాషా దేశమైన భారతదేశానికి సంబంధించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. యంత్రాల వడపోత ప్రధానంగా ఆంగ్ల పదాల మీద రూపొందింది. తెలుగు మాటను ఆంగ్ల అక్షరాలలో రాసినప్పుడు, భోజ్‌పురి పాటలోనో తమిళ సంభాషణలోనో ద్వంద్వార్థం దాగినప్పుడు యంత్రం దానిని అంత చురుకుగా పసిగట్టలేదు. ఆ మాట తెలిసిన మనిషే దానిని గుర్తించగలడు.

వయసునుబట్టి ఏర్పాట్లు

ఈ సాధనాలను ఏ ఇంటిలో ఎలా అమర్చుకోవాలన్నది పిల్లల వయసు మీద ఆధారపడి ఉంటుంది.

ప్రాథమిక పాఠశాల దశలో కట్టడి ప్రధానం. పిల్లవాడు తెరవదగిన యాప్‌లను పెద్దలే ఎంచాలి. ఆండ్రాయిడ్ ఫోనులో ఒక యాప్‌ను తెరకు 'పిన్' చేసి ఇస్తే, తాళపు సంఖ్య తెలియకుండా పిల్లవాడు దానినుంచి బయటికి పోలేడు. అనేక ఫోన్లలో పిల్లల పేరిట వేరొక వినియోగదారుని ఏర్పరచే సౌకర్యం ఉన్నది. అది లేని ఫోన్లలో ప్లే స్టోరులోని వయోపరిమితిని, సేఫ్ సెర్చ్‌ను, డీఎన్‌ఎస్ వడపోతను అమర్చడం కనీస జాగ్రత్త. వాట్సాప్‌లో వచ్చిన చిత్రాలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా సెట్టింగులలో మార్చుకోవాలి. తాళపు సంఖ్య పుట్టిన తేదీయో, బండి నంబరో అయితే పిల్లలు రెండు రోజులలో కనిపెడతారు.

మాధ్యమిక దశలో, అంటే పదకొండు మొదలు పద్నాలుగేళ్ల వరకు, కట్టడితోపాటు కారణాన్ని వివరించాలి. ఈ సైటు ఎందుకు వద్దో చెప్పని నిషేధం కుతూహలాన్ని పెంచుతుంది. శరీరంలో వచ్చే మార్పుల గురించి పిల్లలకు ప్రశ్నలు పుట్టే వయసు ఇది. ఆ ప్రశ్నలకు ఇంటిలోనూ, బడిలోనూ సమాధానం దొరకని పిల్లవాడు ఫోనును అడుగుతాడు. ఫోను చెప్పే సమాధానంలో శాస్త్రమూ ఉండవచ్చు, వికృతీ ఉండవచ్చు. జీవశాస్త్ర పాఠంలో పునరుత్పత్తి అధ్యాయాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటవేసే ఉపాధ్యాయుడు ఎందరో పిల్లలను తెలియకుండానే ఆ తెర వైపు పంపుతున్నాడు.

పదిహేనేళ్లు దాటిన తరువాత తాళాలు క్రమంగా సడలించక తప్పదు. ఈ వయసు వారికి రహస్యంగా నిఘా పెట్టడం తరచు వికటిస్తుంది. తనను గూఢచారిలా వెంటాడుతున్నారని తెలిసిన రోజున ఆ కుమారుడో, కుమార్తెయో మరింత లోతైన రహస్య మార్గం వెతుక్కుంటారు. నియమాలు ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోవాలి. అవి పెద్దలకూ వర్తించాలి. రాత్రి పది గంటల తరువాత ఫోన్లన్నీ ఒకే చోట చార్జింగుకు పెట్టే ఇంటిలో పిల్లవాడు ఆ నియమాన్ని శిక్షగా భావించడు. తండ్రి పడకలో ఫోను చూస్తూ కొడుకును వద్దనడం వల్ల ప్రయోజనం లేదు.

మరొక హెచ్చరిక అవసరం. ప్రమాదం పేరు చెప్పి ఆడపిల్లల చేతి నుంచి మాత్రమే ఫోను లాక్కునే ఇళ్లు ఉన్నాయి. 14 నుంచి 18 ఏళ్ల వారిపై 2023లో జరిగిన 'అసర్' పరిశీలనలో, ఫోను వాడటం తెలిసిన బాలురలో 43.7 శాతం మందికి సొంత ఫోను ఉండగా బాలికలలో 19.8 శాతం మందికే ఉన్నది. రక్షణ పేరిట జరిగే నిషేధం ఆడపిల్లల చదువును, ఉద్యోగావకాశాలను కుదించేదిగా మారరాదు. అశ్లీల దృశ్యాల వల్ల స్త్రీల పట్ల వికృత భావాలు ఏర్పరచుకునే ప్రమాదం బాలురకు ఉన్నది కనుక వారి విషయంలో జాగ్రత్త మరింత అవసరం.

చట్టం చెప్పేది

సమాచార సాంకేతిక చట్టంలోని 67-బి సెక్షను బాలలను లైంగికంగా చూపే సామగ్రిని ప్రచురించడం, పంపడమే గాక సేకరించడం, వెతకడం, చూడటం, దింపుకోవడం కూడా నేరమని పేర్కొంటున్నది. మొదటిసారి రుజువైతే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే 'పోక్సో' చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అటువంటి నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం ఆ చట్టం ప్రకారం విధి. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఈ చట్టాలను వివరిస్తూ, అటువంటి సామగ్రిని ఫోనులో ఉంచుకోవడం, తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా ఉండటం సైతం నేరం కాగలదని తీర్పు చెప్పింది. బాలల విషయంలో 'అశ్లీల చిత్రం' అన్న మాట తగదని, అది బాలలపై జరిగిన దౌర్జన్యానికి సాక్ష్యమని భావించి, ఆ అర్థాన్నిచ్చే పదాన్నే వాడాలని సూచించింది.

ఈ తీర్పు నుంచి సామాన్య కుటుంబాలు గ్రహించవలసిన విషయం ఒకటున్నది. "చూడండి, ఎంత ఘోరమో" అని హెచ్చరించే సదుద్దేశంతోనైనా అటువంటి వీడియోను ఇతరులకు పంపరాదు. అలా పంపడం ఆ బిడ్డకు మళ్లీ అన్యాయం చేయడమే. చట్టరీత్యా ప్రమాదకరం కూడా.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని, పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదని నిర్దేశించింది. 2025 నవంబరులో దాని నియమావళి వెలువడింది. ముఖ్యమైన నిబంధనలు పద్దెనిమిది నెలల వ్యవధితో అమలయ్యేలా ఏర్పాటు చేశారు. ఇతర దేశాలు కూడా ఈ దిశగా అడుగులు వేస్తున్నాయి. అశ్లీల సైట్లు వాడేవారి వయసును తనిఖీ చేయాలన్న నిబంధనను బ్రిటన్ 2025 జూలైలో అమలులోకి తెచ్చింది. పదహారేళ్లలోపు వారికి ప్రధాన సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదన్న చట్టాన్ని ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తున్నది.

భయం వల్ల కలిగే నష్టం

చట్టమూ, యంత్రమూ చేరలేని చోటు ఒకటున్నది. ఒక బాలుడికి ఆటలో అపరిచితుడొకడు స్నేహితుడయ్యాడనుకుందాం. కొన్నాళ్లకు ఒక ఫోటో అడిగాడు. ఆ ఫోటో చేతికి అందిన మరుక్షణం స్వరం మారింది. డబ్బు పంపకపోతే దానిని బడిలో అందరికీ పంపుతానని బెదిరింపు మొదలైంది. ఆ క్షణంలో ఆ బాలుడిని కుంగదీసేది అపరిచితుని బెదిరింపు ఒక్కటే కాదు. "నాన్నకు తెలిస్తే ఏమవుతుంది?" అన్న భయం అంతకంటె బలమైనది. నేరస్థునికి ఆ భయమే ఆయుధం. దెబ్బలకో, పరువు పోతుందన్న మాటలకో వెరచి పిల్లవాడు ఎన్ని రోజులు మౌనంగా ఉంటే అన్ని రోజులు నేరస్థుని పట్టు బిగుస్తుంది. పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఈ ఒంటరితనంలోనే.

అందుచేత ప్రమాదం జరగక ముందే ప్రతి తల్లి, ప్రతి తండ్రి పిల్లలకు స్పష్టంగా చెప్పి ఉంచవలసిన మాట ఒకటున్నది: "తెర మీద ఏది కనబడినా, నీ వల్ల ఏ పొరపాటు జరిగినా ముందు మాకు చెప్పు. నిన్ను తిట్టము, కొట్టము. ఏమి చేయాలో కలిసి ఆలోచిద్దాం." ఈ మాట ఒకసారి చెబితే చాలదు. మొదటిసారి పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు పెద్దలు ఎలా స్పందించారన్న దాని మీదనే రెండవసారి చెప్పడమో, మానడమో ఆధారపడి ఉంటుంది.

బెదిరింపు ఎదురైతే డబ్బు పంపరాదు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు. బెదిరించిన సందేశాలను, ఆ ఖాతా పేరును, ఫోను నంబరును తుడిచివేయకుండా భద్రపరచాలి. ఆ తరువాత ఆ వ్యక్తిని అడ్డుకోవాలి. కేంద్ర హోంశాఖ నడిపే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. స్త్రీలు, బాలలకు సంబంధించిన నేరాలపై పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు అందులో ఉన్నది. సైబర్ నేరాల సహాయ నంబరు 1930. ఆపదలో ఉన్న బాలల కోసం 1098. కాశ్మీరు నుంచి కన్యాకుమారి వరకు ఇవే నంబర్లు.

పద్దెనిమిదేళ్లలోపు వయసులో తీసిన అభ్యంతరకర చిత్రాలు వ్యాపించకుండా ఆపేందుకు అమెరికాలోని తప్పిపోయిన బాలల జాతీయ కేంద్రం 2023లో 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవను ప్రారంభించింది. ఏ దేశంలోని వారైనా దీనిని వాడుకోవచ్చు. చిత్రం ఫోను దాటి పోనవసరం లేదు. వేలిముద్ర వంటి ఒక సంఖ్యను ఆ చిత్రం నుంచి తయారుచేసి, దానిని మాత్రమే భాగస్వామ్య సంస్థలకు పంపుతారు. ఆ సంస్థలు తమ వేదికలపై అదే గుర్తు గల చిత్రాన్ని కనిపెట్టి తొలగించగలవు.

పాఠశాల, గ్రంథాలయం, సమాజం

చదువురాని తల్లి, పగలంతా పనికి వెళ్లే తండ్రి ఈ సెట్టింగులన్నీ తామే నేర్చుకోవాలనడం న్యాయం కాదు. ఇక్కడ పాఠశాల ముందుకు రావాలి. 2022లో కేరళ ప్రభుత్వ విద్యారంగ సాంకేతిక సంస్థ 'కైట్' ఉన్నత పాఠశాలలలో తల్లుల కోసం సైబర్ భద్రతా తరగతులు నిర్వహించింది. పాఠశాల సాంకేతిక క్లబ్బుల విద్యార్థులే ఆ తరగతులలో బోధకులు కావడం విశేషం. తల్లికి పాఠం చెప్పిన పిల్లవాడు ఆ పాఠాన్ని తాను విస్మరించలేడు. తెలంగాణలో పోలీసు మహిళా భద్రతా విభాగం ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను సైబర్ ప్రతినిధులుగా తీర్చిదిద్దే కార్యక్రమం చేపట్టింది. హైదరాబాదులోని సీ-డాక్ కేంద్రం సమాచార భద్రతపై రూపొందించే అవగాహన సామగ్రి భారతీయ భాషలలో లభిస్తున్నది. ఫోను వదలలేని స్థితికి చేరిన యువతకు చికిత్స అందించేందుకు బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2014లోనే ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది.

ఈ ప్రయత్నాలను అనుసరించడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. తల్లిదండ్రుల సమావేశం జరిగే రోజున వచ్చినవారి ఫోన్లలో సేఫ్ సెర్చ్, డీఎన్‌ఎస్ వడపోత, వాట్సాప్ సెట్టింగులు అమర్చి ఇవ్వడానికి నలుగురు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చాలు. 1930, 1098 నంబర్లను ప్రతి తరగతి గదిలో, గ్రంథాలయ ద్వారం వద్ద రాసి ఉంచవచ్చు. కౌమార దశ, ఆరోగ్యం, శరీర విజ్ఞానం గురించి మాతృభాషలో రాసిన మంచి పుస్తకాలను సంకోచం లేకుండా తీసుకోగలిగేలా గ్రంథాలయంలో అందుబాటులో ఉంచవచ్చు. సందేహానికి సరైన సమాధానం సులభంగా దొరికే చోట తప్పుడు సమాధానానికి ఆకర్షణ తగ్గుతుంది.

ఈ రక్షణలో ప్రభుత్వం, సంస్థలు, పాఠశాల, కుటుంబం ఎవరి పాలు వారు మోయవలసినదే. యంత్రపు అడ్డుకట్ట పిల్లవాడికి ఎదగడానికి కొంత వ్యవధిని మాత్రమే ఇస్తుంది. ఆ వ్యవధిలో వివేకాన్ని అలవరచుకున్న పిల్లవాడు తాళం లేని ఫోనును కూడా సక్రమంగా వాడుకోగలడు. అటువంటి వివేకం ఏర్పడాలంటే, తాను చూసినదాన్ని, చేసిన పొరపాటును నిర్భయంగా చెప్పుకునేందుకు అతనికి ఇంటిలో కనీసం ఒక పెద్ద మనిషి ఉండాలి.